మనసు బాగాలేనప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? అనంతపురం, కర్నూలు, కడపవాళ్లు సరైన థెరపిస్టును వెతుక్కునే దారి

అనంతపురంలో మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అట్లాంటి ఊళ్లో మా అమ్మ పొద్దున నిండిన సంపును సాయంత్రానికి ఖాళీ చేసేది. ఒక్క బిందెను ఏడుసార్లు తోమేది. వాకిలి గొళ్లెం ఎవరన్నా ముట్టుకుంటే గొళ్లెం, ముట్టుకున్న చెయ్యి, ఆ చెయ్యి తగిలిన చీర, అన్నీ కడగాల్సిందే. వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు కనిపించేది. "మీ అమ్మకు మడి ఎక్కువమ్మా" అనేవాళ్లు బంధువులు. మేమూ అట్లే అనుకున్నాం. మూడేండ్లు అనుకున్నాం.

తర్వాత ఒక కౌన్సెలింగ్ సెంటరుకు ఆరు నెలలు తిప్పినాం. అక్కడాయన మర్యాదగానే మాట్లాడేవాడు. పాజిటివ్‌గా ఆలోచించండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి అని చెప్పేవాడు. అమ్మ ఇంటికొచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నందుకు చీర తడిపి ఆరేసేది. ఆమెకున్నది ఓసీడీ అనీ (వద్దన్నా వచ్చే భయాలు, వాటిని తగ్గించుకోడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం), దానికంటూ విడిగా ఒక థెరపీ ఉందనీ ఆయన మాకు చెప్పలేదు. అడగాలని మాకు తెలియలేదు.

ఆ అడగడం గురించే ఇదంతా రాస్తున్నాను. థెరపిస్టు మంచి మనిషేనా అన్నది రెండో ప్రశ్న. నాకున్న ఇబ్బందికి పనికొచ్చే పద్ధతి ఆ మనిషికి వచ్చా అన్నది మొదటి ప్రశ్న. మేము రెండోది చూసుకుని మొదటిది వదిలేసినాం.

ముందు ఒక మాట: వెతికే టైము లేనప్పుడు

ఇంట్లో ఎవరన్నా చచ్చిపోతానంటున్నా, ఎవరికీ కనిపించని మనుషులతో మాట్లాడుతున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఊగిపోతున్నా థెరపిస్టు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు. సేద్యం చేసే ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసేసి, తాళం ఉన్న ఇంకో చోట పెట్టించండి. కేసవుతుందేమోనని భయపడి చాలామంది ఆసుపత్రికి పోవడం ఆలస్యం చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఆ మనిషికి వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది.

అర్ధరాత్రి మాట్లాడేవాళ్లు కావాలంటే టెలీ మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఇది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పై నిపుణులకు కలుపుతారు.

మొదటి అడుగు: ఇబ్బందిని మీ మాటల్లో రాసుకోండి

జబ్బు పేరు మీరు పెట్టక్కర్లేదు. ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, రోజులో ఎంతసేపు, దానివల్ల ఏ పని ఆగింది, ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో రాస్తే చాలు. అమ్మ గురించి నేను రాసిన మొదటి పేజీ ఇట్లా ఉండేది: "5:30 నుంచి 8 దాకా కడగడం. గొళ్లెం 11 సార్లు. పెండ్లికి రాలేదు, అక్కడి బాత్రూమ్ అంటే భయం. చేతులు మంట. రాత్రి ఏడ్చింది." తర్వాత డాక్టరు ఆ పేజీ చదివి, ఇంకో పది నిమిషాలు అమ్మను ప్రశ్నలడిగి, విషయం పట్టేసినారు. మూడేండ్లుగా మేము నోటితో చెప్తూ వచ్చింది "మా అమ్మకు శుభ్రం ఎక్కువ" అన్న ఒక్క మాటే.

మనవైపు మనసు బాధ ఎక్కువగా ఒంటి మాటల్లోనే బయటికొస్తుంది. గుండె దడ, కడుపులో మంట, తిమ్మిర్లు, నరాలు లాగడం. దాంతో ఈసీజీలు, ఎండోస్కోపీలు అయ్యాకే మనసు సంగతి గుర్తొస్తుంది. ఒంటి పరీక్షలు దండగని నేను అనను. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బి12 లోపం కూడా నీరసం, దిగులు, దడ తెస్తాయి కాబట్టి ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోవడం మంచిదే. అవి బాగున్నాయని తేలాక కూడా అవే పరీక్షలు ఊరూరా మళ్లీ చేయించుకుంటూ తిరగొద్దు.

గాలి సోకిందని, ఎవరో ఏదో పెట్టినారని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్లతో కొట్లాడి గెలవలేరు. మా అవ్వ అమ్మకు తాయెత్తు కట్టించింది, మేము విప్పలేదు. గుడికి పోనీండి, దర్గాకు పోనీండి. కానీ మాత్రలు ఆపనీయొద్దు, మనిషిని కట్టేయనీయొద్దు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు మంటలు అంటుకున్నప్పుడు తప్పించుకోలేక కాలిపోయినారు. ఇప్పటి చట్టంలో 95వ సెక్షన్ గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

రెండో అడుగు: బోర్డు మీద ఉన్నది ఎవరో తెలుసుకోండి

"సైకాలజిస్ట్" అన్న బోర్డు కింద ఎవరైనా ఉండొచ్చు.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ, డీపీఎం, డీఎన్‌బీ లాంటివి చదివిన డాక్టరు. జబ్బు ఏదో నిర్ధారిస్తారు, మాత్రలు రాస్తారు. వాళ్ల ఓపీలో ఉండే రద్దీకి ముప్పావు గంట కూర్చోబెట్టి థెరపీ చేయడం చాలామందికి కుదరదు.

క్లినికల్ సైకాలజిస్టు మాత్రలు రాయరు. థెరపీ, మానసిక పరీక్షలు వీళ్ల పని. సాధారణంగా ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ తర్వాత రెండేండ్ల ఎంఫిల్ క్లినికల్ సైకాలజీ, లేదా అదే సబ్జెక్టులో సైడీ అనే డాక్టరేటు చేసి ఉంటారు. వీళ్లు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో నమోదై ఉండాలి. ఒట్టి ఎంఏ సైకాలజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఇంకో వర్గం. తాగుడు, కుటుంబ గొడవలు, జబ్బు తర్వాత మళ్లీ పనిలో పడటం లాంటివాటిలో వీళ్లు చాలా పనికొస్తారు. వీళ్లను మనం తక్కువగా వాడుకుంటున్నామని నా అభిప్రాయం.

కౌన్సెలర్ అన్న మాట దగ్గరే జాగ్రత్త కావాలి. రెండేండ్లు చదివి శిక్షణ పొందినవాళ్లూ ఉన్నారు, వారాంతపు కోర్సు సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. పరీక్షల ఒత్తిడి, ఆలుమగల మధ్య మాటపట్టింపులు, అయినవాళ్లు పోయిన దుఃఖం లాంటివాటికి శిక్షణ ఉన్న మంచి కౌన్సెలర్ చాలు. ఓసీడీ, బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు), భ్రమలు, మానని డిప్రెషన్ అయితే సైకియాట్రిస్టుతోనే మొదలుపెట్టాలి.

మూడో అడుగు: మన ఊళ్లలో ఎక్కడ వెతకాలి

నా అనుభవంలో మన మూడు ఊళ్లలో సైకియాట్రిస్టు దొరకడం కష్టం కాదు. వారం వారం కూర్చుని థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు దొరకడమే కష్టం. అందుకే పనిని రెండుగా పంచుకోండి. నిర్ధారణ, మాత్రలు ఉన్న ఊళ్లో. థెరపీ మాత్రం ఊళ్లో దొరికితే ఇక్కడే, లేకపోతే దూరం నుంచి వీడియోలో.

నిర్ధారణకు కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులు, కడపలో పుట్లంపల్లి దగ్గరి రిమ్స్, మూడూ మెడికల్ కాలేజీలకు అనుబంధమైనవే. పొద్దున్నే పోయి ఓపీ చీటీ రాయించుకుని మానసిక వైద్య విభాగం ఎటు అని అడగండి. "పిచ్చి వార్డా?" అని పక్కవాళ్లు చూస్తారేమోనని నాకూ మెడ వంగింది. లోపల బెంచీ మీద కూర్చున్నవాళ్లు చేతిలో పుస్తకంతో ఇంటర్ పిల్ల, పైపంచె భుజాన వేసుకున్న రైతు, చంకలో బిడ్డతో బాలింత. అమ్మ వాళ్లను చూసి, ఆ రోజు మొదటిసారి, "అందరూ మన లెక్కనే ఉండారే" అనింది.

డాక్టరును చూశాక లేచి వచ్చేయొద్దు. "సార్, ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా? ఏ రోజు వస్తారు? లేకపోతే మీరు ఎవరి దగ్గరికి పంపుతారు?" అని అడగండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకాలజిస్టు, సోషల్ వర్కర్ పోస్టులు ఉంటాయి. ఆ కార్యక్రమానికి నమూనా మన గుంతకల్లు పక్కనే పుట్టింది. 1980ల్లో బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చి చూసింది. ఆ అనుభవం మీదే 1996లో దేశానికి కార్యక్రమం వచ్చింది.

ఊళ్లో పని కాకపోతే అనంతపురంవాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్, కర్నూలువాళ్లకు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, కడపవాళ్లకు తిరుపతి దగ్గర. వేలూరు సీఎంసీకి కూడా మనవైపు నుంచి చాలామంది పోతుంటారు. కానీ ప్రతి వారం బస్సెక్కి పోయే థెరపీ రెండు నెలలకు ఆగిపోతుంది, అట్లా ఆగిపోయినవాళ్లను చూసినాను. ఒకసారి పోయి పూర్తిగా చూపించుకుని, "మిగతా సెషన్లు వీడియోలో చేస్తారా, లేదా తెలుగు వచ్చినవాళ్ల పేరు చెప్తారా" అని అడిగి రావడం తెలివైన పని.

భాష దగ్గర మొహమాటపడొద్దు. ఏడుపొచ్చినప్పుడు ఏ భాష నోటికొస్తుందో ఆ భాషలో థెరపీ జరగాలి. మా అమ్మకు "అంటు" అన్న మాట వేరే భాషలో చెప్పి ఒప్పించడం ఎవరివల్లా కాదు.

నాలుగో అడుగు: పేరు సరిచూడండి

ఆర్‌సీఐ వెబ్‌సైట్లో పేరుతోగానీ నమోదు సంఖ్యతోగానీ వెతకొచ్చు. డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ నమోదు ఉంటుంది. సంఖ్య అడిగితే నిజమైన నిపుణులు నొచ్చుకోరు. గూగుల్ నక్షత్రాలు మాత్రం నమ్మొద్దు. థెరపీతో బాగుపడినవాళ్లలో చాలామంది తమ పేరుతో అక్కడ రాయరు.

ఐదో అడుగు: మొదటి ఫోన్ కాల్

చేరకముందే పది నిమిషాలు ఫోన్లో మాట్లాడండి. బెంగళూరులో ఉన్న ఒక తెలుగు సైకాలజిస్టుతో నేను మాట్లాడింది ఇంచుమించు ఇట్లా:

"మేడమ్, మా అమ్మకు ఓసీడీ అని డాక్టరు చెప్పినారు. మీరు ఓసీడీవాళ్లను చూస్తారా?"

"చూస్తానమ్మా. కడగడమా, సరిచూసుకోవడమా, ఆలోచనలా?"

"కడగడం. మీరు ఏ పద్ధతిలో చేస్తారు?"

"ఈఆర్‌పీ అంటారు. భయపడే వస్తువును కొద్దికొద్దిగా ముట్టుకోవడం, ముట్టుకున్నాక కడగకుండా ఓర్చుకోవడం. మొదట్లో కష్టంగా ఉంటుంది. ఇంట్లో మీ సాయం కావాలి."

ఆరు నెలల సెంటరులో వినని మాటలు ఆ రెండు నిమిషాల్లో విన్నాను. తను అడిగిన ఎదురు ప్రశ్న చూడండి. విషయం తెలిసిన మనిషి మీ జవాబును ఇంకా చిన్న ముక్కలు చేసి అడుగుతుంది.

మీ ఇబ్బందిని బట్టి వినాల్సిన మాట మారుతుంది. భయాలకు, ఉన్నట్టుండి గుండె దడతో వచ్చే ప్యానిక్‌కు, డిప్రెషన్‌కు సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే పద్ధతి, పనిచేస్తుందని గట్టి ఆధారాలున్నాయి. డిప్రెషన్‌లో ఆగిపోయిన పనులను చిన్నచిన్నగా మళ్లీ మొదలుపెట్టించే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది. ప్రమాదం, అత్యాచారం, దాడి తర్వాతి బాధకు దానికోసమే తయారైన సీబీటీ, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ ఉన్నాయి. మాటిమాటికీ తమను తాము గాయపరచుకునేవాళ్లకు ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే డీబీటీ. తాగుడుకు మందులూ, థెరపీ, కుటుంబం మూడూ కలవాలి. ఈ పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. "మీరు ఏం చేయిస్తారు? ఇంట్లో నేనేం చేయాలి? ఎన్ని వారాల్లో తేడా తెలియాలి?" అని అడిగి, సూటి జవాబు వస్తుందా చూడండి. సీబీటీ లాంటివి మామూలుగా 12 నుంచి 20 సెషన్లు, ఒక్కోటి 45 నుంచి 50 నిమిషాలు.

ఫీజు అదే ఫోన్లో అడిగేయండి. రాలేకపోతే డబ్బు పోతుందా, తక్కువ ఆదాయం ఉంటే తగ్గిస్తారా అనీ అడగండి. ఇరవై సెషన్ల డబ్బు ముందే కట్టమంటే కట్టొద్దు. ఇన్సూరెన్సు ఉంటే, మానసిక జబ్బుకూ ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టమే చెప్తోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం సెషన్లకు ఇవ్వవు. పాలసీ కాగితం చూసుకోండి.

ఆరో అడుగు: మొదటి మూడు సెషన్లు

గదికి తలుపుందా అని మొదట చూడండి. గుడ్డ పరదా ఒక్కటే అడ్డుండి, అవతల కూర్చున్న పేషెంటుకు మీ మాట వినిపిస్తుంటే ఆ చోట ఏ మనిషీ మనసు విప్పడు. కడప లాంటి ఊళ్లో ప్రతివాడూ ఎవరికో మేనమామే అవుతాడు. మీకు బంధువు, మీ ఇంట్లోవాళ్లకు స్నేహితుడు అయిన థెరపిస్టు దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది. మీ వివరాలు గోప్యంగా ఉంచడం చట్టం ఇచ్చిన హక్కు. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసినప్పుడు, ఇట్లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే మాట బయటికి పోతుంది. ఆ సంగతి థెరపిస్టే మొదటి రోజు చెప్పాలి. పెద్దవాళ్లైన పేషెంటు గురించి భర్తకో నాయనకో ఫోన్ చేసి చెప్పేవాళ్లుంటే అక్కడే లేచి రండి.

మా అమ్మ సెషన్ వీడియోలో జరిగేది. ఫోన్‌ను ఊరగాయ జాడీకి ఆనించి పెట్టేదాన్ని. మొదటి రెండు సెషన్లు లెక్కకే సరిపోయినాయి: ఏది ముట్టుకుంటే ఎంత భయం, సున్నా నుంచి వంద దాకా. వాకిట్లో పడిన పేపరు 30. గొళ్లెం 60. చెత్తబుట్ట 95. ముందు పేపరుతో రెండు వారాలు. గొళ్లెం వంతు వచ్చిన రోజు అమ్మ చూపుడువేలు ఒక్కటే ఆనించి తీసేసింది. "అరచెయ్యంతా పెట్టండమ్మా" అనింది ఆ సైకాలజిస్టు. పెట్టింది. తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చోవాలి, కొళాయి వైపు పోకూడదు. ఐదు నిమిషాలకోసారి ఆమె అడిగేది, అమ్మ అంకె చెప్పేది. 80. 80. 70. 50. ఇరవై నిమిషాలయ్యేసరికి 40. "కడగకుండానే తగ్గింది, చూసినారా?" అని ఆమె అంటే అమ్మ నా వైపు చూసింది, నమ్మలేనట్టు.

మాకూ పని ఇచ్చినారు. "శుభ్రంగానే ఉందా?" అని అమ్మ అడిగితే "ఉందిలే" అని చెప్పకూడదు. అట్లా ధైర్యం చెప్పే కొద్దీ జబ్బు బలపడుతుందంట. మూడేండ్లుగా ప్రేమతో మేము చేసింది అదే. మంచి థెరపిస్టు ఇంట్లోవాళ్లను తప్పుపట్టకుండా ఇట్లా పనిలో పెట్టుకుంటారు.

మూడు సెషన్లయ్యాక మిమ్మల్ని మీరు అడగండి. నా మాట నిజంగా విన్నారా? ఏం చేయబోతున్నామో నాకు అర్థమైందా? ఇంటికి చేసుకుపోయే పని ఏదన్నా ఇచ్చినారా? సెషన్ తర్వాత అలసట, ఏడుపు రావడం మామూలే, అది చూసి పారిపోవద్దు. చిన్నబుచ్చినట్టు, తీర్పు చెప్పినట్టు అనిపిస్తే మాత్రం అది వేరే సంగతి.

వీడియో థెరపీకి ఇంట్లో చోటు లేకపోతే మిద్దె మీదికి పోండి, లేదా టీవీ సౌండు కొంచెం పెంచి ఇంకో గదిలో కూర్చోండి. కువైట్‌లో పనిచేసే కడప, రాయచోటి అక్కలకు ఇది ఇంకా కష్టం. వాళ్లు సెలవు రోజు ఒక్కటి ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

లేచి వచ్చేయాల్సిన చోట్లు

ఒక్క సెషన్‌లో తగ్గిస్తామని హామీ ఇచ్చేచోటు. డాక్టరుతో మాట్లాడకుండా మాత్రలు మానేయమనే చోటు. పెండ్లి చేస్తే సర్దుకుంటుందని చెప్పే చోటు. నూనెలు, పొడులు, రాళ్లు అమ్మే చోటు. కులం అడిగి మాట మార్చే చోటు. అవసరం లేని స్పర్శ, సెషన్ బయట కలుద్దామనడం, ఒక్కసారి జరిగినా చాలు, మళ్లీ పోవద్దు. మగపిల్లాడు మగవాణ్ని ఇష్టపడితే, ఆడపిల్ల ఆడపిల్లను ఇష్టపడితే "మారుస్తాం" అనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. అది జబ్బు కాదు. అట్లాంటి "చికిత్స" చేసే డాక్టరుది వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది.

మాత్రల సంగతి

థెరపీ మొదలైందని మాత్రలు సొంతంగా ఆపొద్దు. డిప్రెషన్, ఆందోళనకు ఇచ్చే మాత్రలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఓసీడీకి రెండు మూడు నెలలు కూడా పట్టొచ్చు. పదో రోజున "ఏం పని చేయలే" అని పారేసేవాళ్లే మన దగ్గర ఎక్కువ. సైకాలజిస్టు, సైకియాట్రిస్టు వేరువేరు ఊళ్లలో ఉంటే ఇద్దరికీ ఒకరి చీటీ ఇంకొకరికి చూపించే బాధ్యత మీదే.

మార్చాల్సి వస్తే

చెప్పినన్ని వారాలు నిజాయితీగా చేసినా తేడా లేకపోతే ముందు ఆ మాట వాళ్లతోనే అనండి. "మేడమ్, ఎనిమిది వారాలైంది, నాకు మార్పు కనపడటం లేదు, ఏం చేద్దాం?" అంటే మంచివాళ్లు పద్ధతి మారుస్తారు, లేదా ఇంకొకరి దగ్గరికి పంపుతారు. అట్లా వెళ్లేటప్పుడు ఒక కాగితం రాయించుకోండి: ఏ జబ్బు అనుకున్నారు, ఏ పద్ధతి ఎన్ని సెషన్లు చేసినారు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు. మీ వైద్య వివరాలు పొందడం మీ హక్కు. పాత ప్రిస్క్రిప్షన్లు, రక్తపరీక్షలు, మీ నోటుబుక్కు, ఈ కాగితం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి కొత్త మనిషి బల్ల మీద పెడితే మీ కథ మొదటి నుంచి మళ్లీ చెప్పే శ్రమ సగం తప్పుతుంది. మా అమ్మ కవరు బీరువా పై అరలో ఉంది. బయటికి తీయాల్సి వస్తే ఆమే తీస్తుంది, చేతులు కడుక్కోకుండా.